ఆవుల గోమార్లు గుర్రానికి పడితే: ఏం వేయాలి, ఏం వేయకూడదు, ఎందుకు తగ్గట్లేదు

మీరు అడిగింది ఇదీ: ఎనిమిది ఆవులు, రెండు గుర్రాలు, పన్నెండు మేకలు ఒకే బీడులో మేస్తున్నాయి. ఆవులకు మూడు వారాలకోసారి మందు పిచికారీ చేస్తున్నా గోమార్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఇప్పుడు గుర్రాల ఛాతీ మీద, తోక మొదట్లో కూడా కనిపిస్తున్నాయి. ఇవి ఆవుల గోమార్లేనా? గుర్రం మీద బతుకుతాయా? ఆవులకు కొట్టే మందే గుర్రాలకూ కొట్టవచ్చా?

ముందు సూటిగా జవాబు. చాలా మటుకు అవి ఆవుల గోమార్లే. గుర్రం మీద అవి రక్తం తాగుతాయి, పెరుగుతాయి, ఉబ్బి రాలిపడి గుడ్లు కూడా పెడతాయి. ఆవు మీద పెరిగినన్ని పెరగవు, అంతే తేడా. అందుకే మీరు ఆవులకు ఎంత మందు కొట్టినా బీడులో గోమార్లు ఊరుతూనే ఉంటాయి. ఇక మందు సంగతి: ఆవుల గోమార్లకు పిచికారీ చేసే మందుల్లో ఉండే అమిట్రాజ్ అనే రసాయనం గుర్రానికి ఒక్క చుక్క కూడా వేయకండి. ఆవుల కోసం కలిపిన బకెట్లో మిగిలింది గుర్రం మీద పోయడం ప్రాణం మీదకు తెచ్చే పని. మిగతా విషయాలన్నీ తీరిగ్గా చదవండి, ఈ ఒక్క మాట మాత్రం ఈ రోజే మీ దగ్గర పనిచేసే వాళ్ళందరికీ చెప్పండి.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, అమిట్రాజ్ గుర్రం పేగుల కదలికను ఆపేస్తుంది. ఆవుకు పెద్దగా ఏమీ కాని మోతాదే గుర్రంలో పెద్దపేగును స్తంభింపజేస్తుంది, మేత అక్కడే గట్టిపడి అడ్డుపడుతుంది. పిచికారీ చేసిన ఒకటి రెండు రోజుల్లో గుర్రం మగతగా తల వేలాడేసి నిలబడుతుంది, మేత ముట్టదు, లద్దె వేయదు. డొక్కకు చెవి ఆనిస్తే మామూలుగా వినిపించే గడగడ శబ్దం ఉండదు. ఆ తరవాత కడుపునొప్పి మొదలవుతుంది: కాలితో నేల తవ్వడం, డొక్క వైపు తిరిగి చూసుకోవడం, పడి దొర్లడం. ఇప్పటికే ఎవరైనా కొట్టి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకండి. సబ్బు నీళ్ళతో ఒళ్ళంతా కడిగి, మందు డబ్బా చేతిలో పట్టుకుని వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. దీని ప్రభావాన్ని తిప్పికొట్టే ఇంజెక్షన్లు ఉన్నాయి గానీ అవి డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. ఇంకో మాట, ఆవులకు వాడే స్ప్రేయర్‌లో మందు మార్చి గుర్రానికి వాడటం కూడా వద్దు. ట్యాంకు అడుగున, గొట్టంలో, నాజిల్‌లో మిగిలే మందు తక్కువేమీ కాదు. గుర్రాలకు విడిగా ఒక చిన్న స్ప్రేయర్ పెట్టుకుని దాని మీద పెయింటుతో 'గుర్రం' అని రాయండి.

ఇప్పుడు గోమారి బతుకు ఎలా నడుస్తుందో అర్థమైతే మిగతాదంతా లెక్కే. ఆవుల గోమారి శాస్త్రీయ నామం రైపిసెఫాలస్ మైక్రోప్లస్, పాత పుస్తకాల్లో బూఫిలస్ మైక్రోప్లస్ అని ఉంటుంది. దీనికి ఉన్న ముఖ్య లక్షణం ఏమిటంటే, ఒక పశువును ఎక్కాక పిల్ల దశ నుంచి పెద్దదయ్యే దాకా అదే పశువు మీద ఉంటుంది. ఆరు కాళ్ళ పిల్ల గోమారి గడ్డి కొసన గుంపుగా కాచుకుని ఉండి, పశువు రాసుకుంటూ వెళ్ళినప్పుడు ఎక్కుతుంది. మొదటి వారంలో రక్తం తాగి కుబుసం విడుస్తుంది, ఎనిమిది కాళ్ళ నడిమి దశలోకి వస్తుంది. రెండో వారం ముగిసేసరికి మళ్ళీ విడిచి పెద్దదవుతుంది. సుమారు 21వ రోజుకు ఆడది ఉబ్బి రాలిపోతుంది. చల్లని కాలంలో, కొన్ని పశువుల మీద ఇంకా ఆలస్యం కావచ్చు. రాలిన ఆడది నేల మీద చెత్తలో దూరి 2,000 నుంచి 3,000 దాకా గుడ్లు పెట్టి చస్తుంది. వెచ్చగా, తేమగా ఉంటే మూడు నాలుగు వారాల్లో ఆ గుడ్లు పొదిగి పిల్లలవుతాయి. ఆ పిల్లలు ఏమీ తినకుండా గడ్డిలో వెచ్చని కాలంలో రెండు మూడు నెలలు, చల్లని కాలంలో ఆరు నెలలకు పైగా కూడా కాచుకుని ఉండగలవు.

గుర్రం ఎంత నష్టం చేస్తుందో ఇక్కడ తెలుస్తుంది. మందు లేని ఒక గుర్రం మీద నుంచి రోజుకు పది ఉబ్బిన ఆడ గోమార్లు రాలుతున్నాయనుకోండి. వారానికి డెబ్బై. గుడ్లు లక్షన్నర దాటుతాయి. అందులో ఎండకు ఎండిపోయేవి, చీమలు ఎత్తుకుపోయేవి పోగా మిగిలినవాటిలో కొద్ది భాగం ఆవులను ఎక్కినా మీ మూడు వారాల కష్టం నీటిపాలే. మీ దగ్గర ఆవులకు మందు పడుతోంది, గుర్రాలకూ మేకలకూ పడట్లేదు. అడుగున చిల్లి ఉన్న కుండను నింపుతున్నారు.

అయితే తప్పంతా గుర్రం మీద వేసే ముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చు లేనిది. ఆవులకు మందు కొట్టిన 3, 7, 14, 21 రోజులకు ఒక్కో ఆవును ఒక పక్క మాత్రమే తడిమి చూసి, కందిపప్పు బద్ద సైజు నుంచి పైకి ఉన్న గోమార్లను లెక్క రాయండి. అంటే 4.5 మిల్లీమీటర్లు దాటినవి, ఇవి ఒకటి రెండు రోజుల్లో రాలబోయే ఆడవి. ఏడో రోజున ఇలాంటివి బతికి కనిపిస్తే అవి కొత్తగా గడ్డి నుంచి ఎక్కినవి కావు. ఏడు రోజుల్లో పిల్ల గోమారి అంత పెద్దది కాలేదు. కాబట్టి మందు పని చేయలేదన్న మాట: మోతాదు తగ్గింది, ఒళ్ళంతా తడవలేదు, లేదా ఆ మందుకు గోమార్లు అలవాటుపడ్డాయి. అదే మొదటి రెండు వారాలు ఆవు శుభ్రంగా ఉండి, 19 లేదా 20వ రోజు నుంచి పెద్దవి కనిపిస్తే మందు బాగానే చంపింది, గోమార్లు బీడు నుంచి తిరిగి ఎక్కుతున్నాయి. అప్పుడు గుర్రాలు, మేకలు, అడవి జంతువుల సంగతి చూడాలి. చాలామంది ఈ లెక్క చూడకుండానే మందు మారుస్తారు. బాగా పనిచేస్తున్న మందును పక్కన పెట్టేసి, ఇంకోదానికి కూడా గోమార్లను అలవాటు చేస్తారు.

ఆవుల పిచికారీలో ఎక్కువగా జరిగే పొరపాటు తక్కువ నీళ్ళు. అమిట్రాజ్ 12.5 శాతం మందైతే లీటరు నీటికి 2 మి.లీ. (అంటే 0.025 శాతం). ఇది అందరూ సరిగ్గానే కలుపుతారు. కానీ ఆవుకు రెండు లీటర్లతో సరిపెడతారు. ఎదిగిన ఆవుకు కనీసం 5 లీటర్లు, బొచ్చు ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. పొట్ట కింద నుంచి కారేదాకా తడవాలి. గంగడోలు మడతలు, చెవుల లోపలి అంచు, పొదుగుకూ తొడకూ మధ్య సందు, తోక కింద ముడుతలు: గోమార్లు మిగిలేది అక్కడే. నాజిల్‌ను బొచ్చుకు ఎదురుగా కింది నుంచి పైకి కొట్టండి. వెంట్రుకల వాలుకు కొడితే మందు పైనే జారిపోతుంది. వీపు మీద పోసే ఫ్లుమెథ్రిన్ 1 శాతం మందైతే 10 కిలోల బరువుకు 1 మి.లీ., మూపురం నుంచి తోక మొదలు దాకా వెన్ను మీద గీతలా పోయాలి. ఇక్కడ బరువు కంటి అంచనాతో వేస్తే తప్పుతుంది. టేపుతో ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవును అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే ఆవు బరువు కిలోల్లో వస్తుంది. 64 అంగుళాల చుట్టుకొలత, 56 అంగుళాల పొడవు ఉన్న ఆవు దాదాపు 350 కిలోలు, దానికి 35 మి.లీ. పాలు, మాంసం ఎన్నాళ్ళు వాడకూడదో డబ్బా మీద రాసి ఉంటుంది, అది పాటించండి.

ఇక గుర్రం దగ్గరికి వద్దాం. ముందు గోమారిని గుర్తుపట్టాలి, ఎందుకంటే గుర్రానికి వేరే జాతులూ పడతాయి. ఆవుల గోమారి కాళ్ళు సన్నగా, లేత మీగడ రంగులో ఉంటాయి. రక్తం తాగి ఉబ్బినది బూడిద నీలం రంగులో, చిన్న ఆముదం గింజలా ఉంటుంది. మూతి చాలా పొట్టి. కాళ్ళ మీద తెలుపు, ముదురు గోధుమ చారలు పట్టీల్లా ఉండి, మూతి పొడవుగా కనిపిస్తే అది హయలోమా జాతి. ఈ తేడా మాటవరసకు చెప్పేది కాదు. హయలోమా తన జీవితంలో ఒకటి కంటే ఎక్కువ పశువులను మారుస్తుంది, మధ్యలో దిగి కొట్టం గోడల పగుళ్ళలో, రాళ్ళ సందుల్లో దాక్కుంటుంది. దానికి 21 రోజుల లెక్క పనికిరాదు. పశువుతో పాటు కొట్టానికీ మందు కొట్టాలి, పగుళ్ళు పూడ్చాలి. అనుమానంగా ఉంటే ఐదారు గోమార్లను 70 శాతం ఆల్కహాల్ పోసిన చిన్న సీసాలో వేసి, ఏ జంతువు, శరీరంలో ఏ చోటు, ఏ తేదీ అని పెన్సిలుతో చీటీ రాసి లోపల వేసి, పశువైద్య ప్రయోగశాలకు పంపండి. పెన్సిలు ఎందుకంటే ఆల్కహాల్‌లో పెన్ను సిరా కరిగిపోతుంది.

గుర్రాన్ని చూసేటప్పుడు కళ్ళ కంటే అరచేయి ఎక్కువ చెబుతుంది. బొచ్చుకు ఎదురుగా మెల్లగా తోస్తూ వెళితే గింజలా తగులుతుంది. క్రమం ఎప్పుడూ ఒకటే పెట్టుకోండి, ఏ చోటూ తప్పిపోదు: నుదుటి జుట్టు కింద, చెవుల లోపల, దవడ కింద, జూలు మొదళ్ళు, ముందు కాళ్ళ మధ్య ఛాతీ, మోచేతి వెనక సందు, పొట్ట కింద గీత, గజ్జలు, పొదుగు లేదా మగ గుర్రం తొడుగు చుట్టూ, చివరికి తోక ఎత్తి కింద. ఒక గుర్రానికి పావుగంట పడుతుంది.

ఈ తనిఖీ సాయంత్రం చేయండి. గోమారి ఆడది చివరి రాత్రి ఒక్కసారిగా రక్తం పీల్చి ఉబ్బుతుంది, తెల్లవారుజాము నుంచి ఉదయం లోపు రాలిపోతుంది. పొద్దున్న పదింటికి చూస్తే ఆ రోజు రాలాల్సినవి అప్పటికే గడ్డిలో ఉంటాయి. సాయంత్రం కందిపప్పు బద్ద సైజువన్నీ తీసేస్తే మర్నాడు రాలేవి ఉండవు. ఉన్నది రెండు గుర్రాలే కాబట్టి రోజూ సాయంత్రం చేతితో ఏరేయడం మీకు మందు కంటే నమ్మకమైన మార్గం, ఇది నా గట్టి అభిప్రాయం. మందుకు అలవాటుపడిన గోమారికి చేతి ఏరివేత నుంచి తప్పించుకునే దారి లేదు. సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి మూతి దగ్గర పట్టుకుని, తిప్పకుండా, నిదానంగా నిటారుగా లాగండి. పొట్ట పట్టుకుని పిండకూడదు. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, నూనె రాయడం వద్దు, గుర్రం చర్మం పాడవుతుంది. తీసినవి నేల మీద పారేయకండి. ఉబ్బిన ఆడదాన్ని ఊడదీసినా అది గుడ్లు పెట్టగలదు. స్పిరిట్ ఉన్న మూత డబ్బాలో వేయండి. చేతులకు తొడుగులు వేసుకోండి.

రాత్రి గుర్రాలను శాలలో కట్టే అలవాటు ఉంటే ఇంకో లాభం ఉంది. తెల్లవారుజామున రాలేవి శాల నేల మీదే పడతాయి. గుర్రాన్ని బాగా పొద్దెక్కాకే బీడులోకి వదిలి, అది వెళ్ళగానే శాల ఊడ్చి ఆ చెత్తను కాల్చేయండి. ఆ లద్దె, పరిచిన గడ్డి అలాగే బీడులో ఎరువుగా చల్లితే మీ చేత్తో మీరే గోమార్లను నాటినట్టు.

మందు వాడాల్సి వస్తే గుర్రాలకని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న పర్మెథ్రిన్ మందులు తీసుకోండి. కొన్ని వాడే ముందు నీళ్ళలో కలపాలి, కొన్ని కలపకుండా నేరుగా వాడాలి. డబ్బా చదవకుండా కలపడం మొదలుపెట్టకండి. మెడ పక్కన అరచేయంత మేర ముందు రాసి ఒక రోజు చూడండి. దద్దు రాకపోతేనే ఒళ్ళంతా. ముఖానికి పిచికారీ వద్దు, తొడుగు చేతితో గుడ్డ తడిపి తుడవండి, కళ్ళూ ముక్కుపుటాలూ తప్పించండి. పని చేసి చెమట పట్టిన గుర్రానికి, జీను రాపిడి పుండ్లున్న చోట, మండే ఎండలో వేయకండి. ఆరేదాకా జీను వేయకండి, లేకపోతే జీను కింద వేడికి చర్మం బొబ్బలెక్కుతుంది. గడువు డబ్బా మీద ఉన్నట్టే, కానీ ఆవులకు మందు పడే రోజునే గుర్రాలకూ ఒక విడత పడేలా తేదీలు కలుపుకోండి. పర్మెథ్రిన్ పిల్లులకు విషం, తడి గుర్రం దగ్గరకు పిల్లిని రానివ్వకండి. చేపలకూ విషమే, కడిగిన నీళ్ళు చెరువులోకో కాలువలోకో పోకూడదు. పర్మెథ్రిన్ పైరెథ్రాయిడ్ అనే మందుల కుటుంబంలోదే. మీ ఆవుల మీద గోమార్లు ఆ కుటుంబంలోని మిగతా మందులకు (డెల్టామెథ్రిన్, సైపర్‌మెథ్రిన్, ఫ్లుమెథ్రిన్) చావట్లేదని పై లెక్కలో తేలితే గుర్రం మీదవి కూడా చావవు, అవి రెండూ ఒకే బీడు సంతానం. అప్పుడు పర్మెథ్రిన్ మీద డబ్బు పెట్టకుండా సాయంత్రం ఏరివేతనే నమ్ముకోండి.

ఐవర్‌మెక్టిన్ గురించి కూడా అడుగుతారని తెలుసు. గుర్రాలకు నులిపురుగుల కోసం నోటి ద్వారా ఇచ్చే పేస్టు (కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు) గోమార్లను నమ్మకంగా పోగొట్టదు. ఆవుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ గుర్రం కండలో వేస్తే ఆ చోట క్లోస్ట్రీడియం క్రిములు చేరి ప్రాణాంతకమైన వాపులు వచ్చిన కేసులున్నాయి. వీపు మీద పోసే ఆవుల మందులూ గుర్రం కోసం తయారైనవి కావు. మందు మోతాదు కోసం గుర్రం బరువు కావాలంటే సెంటీమీటర్లలో కొలిచి, ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగించండి. 160 చుట్టుకొలత, 140 పొడవు ఉంటే సుమారు 300 కిలోలు.

గుర్రం మీద పెద్ద గోమార్లు కనిపించకుండానే దురదతో అల్లాడుతుంటే పిల్ల గోమార్లను అనుమానించండి. ఇది చాలాసార్లు చర్మ రోగంగానో, మేత పడకపోవడంగానో పొరబడతారు. ఒకసారి ఈ కాటు పడిన గుర్రం చర్మం తరవాతి సారి పిల్ల గోమారి కుట్టిన వెంటనే చిన్న చిన్న పొక్కులుగా లేస్తుంది. కాళ్ళ కింది భాగం, మూతి, పొట్ట కింద, అంటే మేసేటప్పుడు గడ్డి తగిలే చోట్లే ఎక్కువ. గుర్రం కాళ్ళు నేలకేసి కొడుతుంది, పళ్ళతో కొరుక్కుంటుంది, కంచె గుంజకు రుద్దుకుంటుంది. పిల్ల గోమారి మిల్లీమీటరు కూడా ఉండదు, ముదురు బొచ్చులో కనపడదు. పారదర్శకమైన ప్లాస్టర్ టేపును పొక్కుల మీద అద్ది తీసి తెల్ల కాగితం మీద అంటించి భూతద్దంతో చూడండి. ఆరు కాళ్ళ చుక్కలు కనిపిస్తాయి. బీడులో ఉన్నాయో లేదో తెలియాలంటే మీటరు తెల్ల ఫ్లానెల్ గుడ్డను కర్రకు కట్టి, మంచు ఆరాక ఉదయం గడ్డి మీద లాగుతూ వెళ్ళండి. గోధుమ రంగు ఇసుక రేణువుల్లా కదులుతూ గుడ్డకు పట్టుకుంటాయి. నీడ చెట్ల కింద, నీళ్ళ తొట్టి చుట్టూ, కంచె పొడవునా లాగండి. పశువులు తెల్లవారుజామున ఎక్కడ పడుకుంటాయో అక్కడే ఎక్కువ.

జబ్బుల సంగతి. ఆవులకు ఎర్రమూత్రం తెచ్చే బబేసియా అనే రక్త క్రిముల జాతులు వేరు, గుర్రాలకు పైరోప్లాస్మోసిస్ అనే రక్తపు జబ్బు తెచ్చేవి వేరు. గుర్రం రక్తంలోకి వచ్చేది థైలీరియా ఎక్వి, బబేసియా కాబల్లి అనే క్రిములు. వీటిలో థైలీరియా ఎక్విని ఆవుల గోమారి కూడా మోయగలదు. ఒకే పశువు మీద ఉండే గోమారి ఇంకో గుర్రానికి ఎలా అంటిస్తుందని సందేహం రావచ్చు. ఆడది కదలదు గానీ మగ గోమారి నెలకు పైగా బతికి ఆడవాటి కోసం తిరుగుతుంది, పక్కపక్కన నిలబడే గుర్రాల మధ్య మారుతుంది కూడా. 40 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, చిగుళ్ళు, కనురెప్పల లోపలి పొర పాలిపోవడం లేదా పచ్చబడటం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. థైలీరియా ఎక్వి తగ్గినట్టు కనిపించినా గుర్రం జీవితాంతం దాన్ని మోస్తూ ఉండవచ్చు. దీనికి వాడే ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ మీ అంతట మీరు వేయకండి, గాడిదలు దాని పెద్ద మోతాదులకు మరీ తట్టుకోలేవు.

మిగతా జంతువులు. మేకలు, గొర్రెలు: ఆవులతో కలిసి మేస్తే వీటికీ ఎక్కుతాయి, చెవులు, ముఖం, గజ్జల్లో చూడండి. సంఖ్య తక్కువే, కానీ పన్నెండు మేకలంటే మొత్తం కలిసి లెక్కలోకి వస్తుంది. గేదె బురదలో పొర్లుతుంది, బొచ్చు పలచన కాబట్టి ఆవు కంటే తక్కువ మోస్తుంది, అయినా మోస్తుంది. గాడిదలు, కంచరగాడిదలు గుర్రంలాగే, అమిట్రాజ్ నిషేధం వాటికీ వర్తిస్తుంది. కుక్క మీద కనిపించేవి సాధారణంగా వేరే జాతి, ఆవుల గోమారికి కుక్క ముఖ్యమైన ఆసరా కాదు. కోళ్ళు గోమార్లను ఏరుకుని తింటాయన్నది నిజమే, కానీ రాలినవన్నీ అవి ఏరేస్తాయని లెక్క వేసుకోకండి.

అసలు కష్టం అడవి జంతువులతో. అమెరికాలో ఈ గోమార్ల నిర్మూలన కార్యక్రమం 1906లో మొదలై 1943 నాటికి దేశమంతా దాదాపు తుడిచేశారు, టెక్సస్‌లో రియో గ్రాండే నది వెంట క్వారంటీన్ పట్టీ ఒకటి మిగిలింది. ఆ రోజుల్లో అక్కడ జింకలు చాలా తక్కువ. తరవాత తెల్లతోక జింకలు పెరిగాయి, వాటికి తోడు మన దేశం నుంచి తీసుకెళ్ళి వదిలిన మనుబోతులు పెరిగాయి. రెండూ ఆవుల గోమార్లను మోస్తాయి. జింకలకు ఐవర్‌మెక్టిన్ కలిపిన మొక్కజొన్న పెడితే వచ్చి తింటాయి. మనుబోతులు మేత తొట్ల దగ్గరకు రావు, పైగా చాలా దూరం తిరుగుతాయి. ఆవులన్నిటికీ కట్టుదిట్టంగా మందు పడుతున్నా అక్కడ గోమార్లు మళ్ళీ పుట్టుకొచ్చేది ఇలాగే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నిబంధనలు గోమార్లున్న ప్రాంతం నుంచి లేని ప్రాంతానికి వెళ్ళే ఆవులకే కాదు, గుర్రాలు, మేకలు, గొర్రెలు, జింకలకూ వర్తించేలా పెట్టారంటే కారణం ఇదే. మీ బీడులోకి దుప్పులో మనుబోతులో వస్తుంటే వాటికి మందు వేయాలని చూడకండి, కంచె ఎత్తు పెంచండి, నీళ్ళ తొట్టి వాటికి అందని చోటికి మార్చండి.

బీడుకు విశ్రాంతి ఇచ్చేటప్పుడు జరిగే తప్పు మీకు ముందే చెప్పాలి. ఆవులను తీసేసి బీడును మూడు నెలలు ఖాళీగా ఉంచామంటారు, అందులో గుర్రాలు మేస్తూనే ఉంటాయి. అది విశ్రాంతి కాదు. ఖాళీ అంటే గోమారి ఎక్కగల జంతువు ఏదీ ఉండకూడదు. వెచ్చని, పొడి కాలంలో మూడు నెలలు కనీసం. చల్లగా, తేమగా ఉండే చోట ఆరు నెలలకూ కొన్ని పిల్లలు బతికే ఉంటాయి. టెక్సస్‌లో నిర్మూలన కోసం తొమ్మిది నెలల గడువు పెట్టింది అందుకే. విశ్రాంతి ఇచ్చేంత భూమి లేకపోతే దానికి తలకిందులైన పద్ధతి ఉంది: పశువులను బీడులోనే ఉంచి, ఏ ఒక్క గోమారీ 21 రోజులు పూర్తిచేయకుండా 18 రోజులకోసారి అన్నిటికీ మందు వేయడం. అప్పుడు పశువులే గడ్డిలోని పిల్లలను ఒంటికి ఎక్కించుకుని మందుతో చంపుతాయి. ఇది పనిచేయాలంటే ఒక్క పశువు కూడా తప్పిపోకూడదు, పాలు తాగే దూడ అయినా, చూడి ఆవు అయినా, గుర్రమైనా. దూడలకూ చూడి పశువులకూ ఏ మందు సరిపోతుందో డబ్బా మీద చూసి డాక్టరును అడగండి. ఇలా వరసగా ఐదు విడతలు అనుకోండి. గుర్రాలకు ఆ మూడు నెలలూ సాయంత్రం ఏరివేత రోజూ.

కొత్త గుర్రం కొంటే వచ్చిన రోజునే గట్టి నేల ఉన్న చోట కట్టి, మేకలకూ ఆవులకూ దూరంగా మూడు వారాలు ఉంచండి. మొదటి రోజు పూర్తి తనిఖీ, ఏరివేత, మందు. తరవాత రోజు విడిచి రోజు సాయంత్రం తనిఖీ. దాని కింద పడిన చెత్త రోజూ కాల్చాలి. దానితో వచ్చిన దుప్పటి, జీను కింద గుడ్డ వేడి నీళ్ళలో ఉతకండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని ఈ సాయంత్రం రెండు గుర్రాలనూ తడిమి, ఎన్ని పెద్దవి దొరికాయో ఒక పుస్తకంలో రాయడం. రేపు ఆవులు, మేకలు. మందు పేరు, ఎంత నీటికి ఎంత కలిపారు, చివరిసారి ఎప్పుడు కొట్టారు, ఏడో రోజు లెక్క ఎంత వచ్చింది అన్నవి ఇక్కడే రాస్తే తప్పు మందులో ఉందా బీడులో ఉందా అన్నది చెప్పగలను.